రెండో తెడ్డు

ఒక్క తెడ్డుతో పడవ ముందుకు పోదు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఇంత చిన్న సంగతి తెలియడానికి తన భార్య పోవలసి వచ్చిందా అనుకుంటూ దర్జీ వంతెన మెట్లు ఎక్కుతున్నాడు.

మణికట్టు మీది పట్టీ సన్నగా వణికింది. గుండె వేగం ఎక్కువైందన్నమాట. కమ్మీ పట్టుకుని ఆగాడు. అతని గుండె రాయిలాంటిదే. కానీ డాక్టర్లు గీత గీసింది ఆమె గుండెకి. అది దాటితే ఫోన్‌లో తెడ్డు ఎర్రబడుతుంది, అవతలాయన కంగారుపడతాడు.

గుండె నీరసించినవాళ్ళను ఆసుపత్రివాళ్ళు ఇద్దరిద్దరిగా జోడీ కట్టి ఆడించే ఆట అది. ఒక పడవ, రెండు తెడ్లు. పట్టీ కట్టుకుని ఎవరి వీధిలో వాళ్ళు నడిస్తే ఎవరి తెడ్డు వాళ్ళు వేసినట్టు. అసలు పేర్లు చెప్పుకోరు. అతని భార్య ‘బాతు’ అని పెట్టుకుంది. జోడీగా దొరికినాయన ‘తాబేలు’. ఆయన రాసే కబుర్లు ఆమె భోజనాల దగ్గర చదివి వినిపించేది.

“తాబేలుగారు ఇవాళ వీధి చివరిదాకా వెళ్ళి, ఎందుకు వెళ్ళారో మర్చిపోయి తిరిగొచ్చారట!” అని పడీపడీ నవ్వేది. “మీరూ రాకూడదూ, వీధి చివరిదాకా?”

“నా కాళ్ళు మిషను తొక్కడానికే చాలడం లేదు” అనేవాడు దర్జీ, కంచంలోంచి తలెత్తకుండా.

వానలు మొదలైనప్పుడు చెల్లెల్ని చూడడానికి వెళ్ళి, అక్కడే నిద్రలో పోయింది. పట్టీ ఆమె సంచిలో ఇంటికొచ్చింది. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక ఫోన్ తెరిస్తే, పడవ ఉన్నచోటే తిరుగుతోంది. తాబేలు ఒక్కడే తెడ్డు వేస్తున్నాడు. ‘బాతుగారూ, అలిగారా?’ అని రాశాడు.

 దర్జీ ఆ పట్టీకి ఎలాస్టిక్ ముక్క అతుకు వేసి, తన లావు మణికట్టుకు కట్టుకుని వీధిలోకి దిగాడు. పడవ కదిలింది.

‘హమ్మయ్య, బతికించారు!’ అని వచ్చింది అవతలి నుంచి.

ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. ఇక మానలేకపోయాడు. నడవడం వచ్చింది గానీ వేళాకోళం ఆడడం రాలేదు. తాబేలు ఏం రాసినా చెయ్యి ఊపే బొమ్మ పంపి ఊరుకునేవాడు. కొన్నాళ్ళకు తాబేలుకు జ్వరమో ఏమో, ఓ వారం కనబడలేదు. మళ్ళీ వచ్చాక ఆయనా కబుర్లు మానేసి చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. ‘గోడతో ఎంతకాలమని మాట్లాడతాడు’ అనుకుని దర్జీ సిగ్గుపడ్డాడు. తెడ్డు మాత్రం ఆగలేదు. అది చాలుననుకున్నాడు.

అతని కొట్లో కాజాలు కుట్టే ఆమెకు ఒక్కదానికే ఈ సంగతి తెలుసు. నిన్న సూదిలోంచి కళ్ళెత్తకుండానే అడిగింది.

“వదిన గుండె ఎలా ఉందట, అన్నయ్యా?”

“నవ్వులాటగా ఉందా నీకు?”

“లేని మనిషి పేరుతో ఎన్నాళ్ళు నడుస్తావ్? ఆ పెద్దాయనకి తెలిస్తే?”

“తెలిస్తే తెడ్డు పడేసి మంచమెక్కుతాడు. దారం తెంపినంత తేలిగ్గా చెప్తావేం?”

“ఆయన కోసమేనా నడుస్తున్నది?”

దర్జీ కత్తెర కోసం బల్లంతా వెతికాడు. కత్తెర చేతిలోనే ఉంది.

అంతలో ఫోన్. ఆసుపత్రి నర్సు.

“అంకుల్, ఒకసారి ఆంటీకి ఇవ్వండి.”

“నడకకి వెళ్ళిందమ్మా.”

“ఎప్పుడు చేసినా నడకే! అందుకే ఆంటీ గుండె అంత కుదురుగా ఉంది. ఇంత బాగుపడ్డ జోడీ మా దగ్గర ఇంకోటి లేదు తెలుసా? డాక్టర్‌గారు ఇద్దర్నీ సోమవారం రమ్మంటున్నారు. చూసి మందులు తగ్గిస్తారట. తాబేలుగారే మొహమాటపడుతున్నారు, రానని రాశారు. ఆంటీ ఒక్క మాట చెబితే వింటారేమో.”

“అలాగేనమ్మా” అని పెట్టేశాడు. కాజాల ఆమె చూస్తోంది. “మీ వదినకి మందులు తగ్గిస్తారట” అన్నాడు. ఆమె నవ్వలేదు.

ఇప్పుడు వంతెన మీద గాలి చల్లగా ఉంది. దర్జీ సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. సోమవారం ఎలాగూ బయటపడుతుంది. ఆసుపత్రివాళ్ళ నోట వినడం కన్నా తన నోట వినడం నయం కదా ఆయనకి. ఇది తెలిసి కూడా వేలు కదలడం లేదు. తెర మీద ‘బాతు’ అన్న అక్షరాల కింద తెడ్డు ఆడుతుంటే ఆమె పక్కగదిలో ఉన్నట్టే ఉండేది. ఇప్పుడీ మాట రాస్తే ఆమె రెండోసారి పోతుంది. ఈసారి తన చేతుల మీదుగా.

అయినా రాశాడు.

‘తాబేలుగారూ, నేను బాతుని కాను. ఆమె భర్తని. వానలప్పుడే ఆమె పోయింది. మిమ్మల్ని మోసం చేశాను. ఎంతైనా తిట్టండి, నడక మాత్రం మానకండి. మీ గుండె జాగ్రత్త.’

పంపేశాడు.

తను కూర్చుని ఉండడంతో ఎడమ తెడ్డు ఎప్పుడో ఆగింది. కుడి తెడ్డు ఇంకా ఆడుతోంది. చూస్తుండగానే అదీ ఆగిపోయింది. పడవ కదలడం లేదు, తిరగడమూ లేదు.

చంపేశానా అనుకున్నాడు దర్జీ. ఏ వీధి మధ్యనో ఆ మనిషి గుండె పట్టుకుని కూలబడిపోయి ఉంటాడు. నర్సుకి ఫోన్ చెయ్యాలి, ఆయన ఇల్లెక్కడో వాళ్ళకే తెలుసు. నంబరు వెతుకుతుంటే, తెర మీదికి జవాబు వచ్చింది.

‘మా తాబేలు కూడా లేరండీ.’