నాలుగు దారుల కాకి

పాముకాటుకు మందు ఆ అడవిలో ముంగిసమ్మ ఒక్కతికే తెలుసు. అయినా నక్క కూడా వైద్యం మొదలుపెట్టింది. మందు సంగతి తర్వాత, ముందు ప్రచారం చూసుకుంది. నాలుగు దారులు కలిసేచోట కూర్చుని, అడిగినవాళ్లకు దారి చెప్పే కాకికి రోజూ మాంసం ముక్క పడేసింది. అలాగే మేపిన గోరింకలు నలుగురూ చేరినచోటల్లా నక్కను పొగిడాయి. ఉడుత ప్రతి బొరియలోకీ తల దూర్చి నక్క పేరు చెప్పి వచ్చింది.

ఒకరోజు కుందేలు, పాము కరిచిన పిల్లను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చి, "ముంగిసమ్మ ఇల్లెక్కడ?" అని కాకిని అడిగింది. కాకి మొదట నక్క ఇల్లు చూపించింది. కుందేలు అటే పరుగెత్తింది. నక్క పసుపు పూసి పంపేసింది. ముంగిసమ్మను చేరేసరికి ఆలస్యమైంది. పిల్ల బతికింది గాని కాలు చచ్చుబడిపోయింది.

ముంగిసమ్మ మండిపడుతూ కాకి మీదికి వెళ్లింది. "నా పేరు పెట్టి అడిగితే నక్క ఇల్లు చూపిస్తావుటే, సిగ్గులేనిదానా?"

"నీ పేరూ చెప్పాను వదినా. కాకపోతే రెండోది చెప్పాను."

మర్నాడు పాము కాకి పిల్లనే కాటేసింది. కాకి పిల్లను ముక్కున కరుచుకుని తిన్నగా ముంగిసమ్మ గుమ్మంలో వాలింది.

"నక్క దగ్గరికి వెళ్లలేదేం?" అంది ముంగిసమ్మ, వేరు నూరుతూనే.

"అది అడిగినవాళ్లకు చెప్పే మాట వదినా," అంది కాకి. "ఇది నా బిడ్డ."