మేడం ఎంచుకున్న ఇల్లు

“ఆ ఇల్లు కాదు మేడం, గీ ఇల్లు!” హరీష్ అడ్డం ఉరికిండు.

“అన్నీ మీరు చూపించిన ఇండ్లేనా? ఒక్కటి నాకు నచ్చింది చూస్తా,” అనుకుంట ప్రియాంక మేడం పచ్చ తలుపుల ఇంటి దిక్కు తిరిగింది.

మేడం పక్క జిల్లాల మున్సిపల్ అధికారి. సిద్దిపేటల తడి చెత్త, పొడి చెత్త ఎట్ల వేరు చేస్తున్నరో చూసి, తమ పట్నంల గూడ అట్లనే చేపియ్యాలని వచ్చింది. హరీష్ ఈ వార్డుల చెత్త పని చూసే సూపర్‌వైజర్. మేడం మెచ్చుకుంటే ఊరంతటికి నిన్నే ఇంచార్జిని చేస్తనని పై సారు పొద్దుగాలనే ఆశ పెట్టిండు. గా ఆశతోని హరీష్, “మా గల్లీల మేం చెప్పినట్టు చెయ్యని ఇల్లు ఒక్కటి గూడ లేదు” అని కోతలు కోసిండు.

గా పచ్చ తలుపుల ఇల్లు రామవ్వది. రామవ్వ అంటే మాటలా! పొద్దుగాల పాట పెట్టుకుంట వచ్చిన చెత్త బండి డ్రైవర్ మీదికి చీపురు లేపిన మనిషి.

“దా బిడ్డా, ఎండల పడి వచ్చినవ్. కూసో,” అన్నది రామవ్వ.

“కూసుంటగని, ముందు చెత్త ఎక్కడ వేస్తరో చూపించమ్మా.”

‘కొమురెల్లి మల్లన్నా, నువ్వే దిక్కు!’ హరీష్ లోపల్లోపల మొక్కుకున్నడు.

రామవ్వ పెరట్లకు తీస్కపోయింది. పాత బొక్కెనల కూరగాయల తొక్కలు, వాడిన పూలు. పక్కన గోనె సంచిల పాల కవర్లు, అట్టముక్కలు. ఒక్కటంటే ఒక్కటి ఇటుది అటు కాలే.

“చెప్పకుండ వచ్చినా ఎంత మంచిగ పెట్టుకున్నవమ్మా!” మేడం మురిసిపోయింది.

“పెట్టకుంటే గీ హరీషు ఊకుంటడా? చెవుల జోరీగ తీర్గ చెప్పిండు కదా!”

హరీష్‌కు పోయిన పానం తిరిగొచ్చింది. ఇగ ఇంచార్జి అయినట్టే అనుకున్నడు.

మేడం ఖుషీగ మంచం మీద కూసున్నది. రామవ్వ ప్లేటు నిండ మురుకులు తెచ్చింది. మేడం ఒకటి తిన్నది, ఇంకోటి తీసుకున్నది. హరీష్ గూడ మొహమాటం లేకుండ లాగించిండు.

“అబ్బ, కరకరలాడుతున్నయ్! పొద్దున చేసినవా?” అని అడిగింది మేడం.

“పొద్దునేంది బిడ్డా, పోయిన నెల బోనాలకు చేసిన.”

“మా ఇంట్ల రెండు రోజులకే మెత్తబడ్తయ్. పిండిల ఏం కలుపుతవమ్మా?”

“కలిపేటిది ఏం లేదు. అంత డబ్బ మహిమ. మూత గట్టిగ పడాలె, చీమ గూడ దూరద్దు.”

“అసొంటి డబ్బ నేను గూడ కొనుక్కుంటా. ఎక్కడ దొరుకుతది?”

“కొనుడెందుకు? గీ హరీషే ఉత్తగ ఇచ్చిండు. సల్లగుండాలె కొడుకు!”

మేడం మెచ్చుకోలుగ చూసింది. తనెప్పుడు డబ్బ ఇచ్చిండో హరీష్‌కు యాదికి రాలే. అయినా నవ్విండు.

“ఆగు బిడ్డా, ఇంటికి గూడ పట్కపోదువు,” అని రామవ్వ లోపలికి పోయి, డబ్బను రెండు చేతులతోని ఎత్తుకచ్చి మేడం ముందట పెట్టింది.

నీలం రంగుది, గీత గూడ పడకుండ తళతళలాడుతున్నది, మీద మున్సిపాలిటీ ముద్ర, దాని కింద తెల్లటి పెద్ద అక్షరాలు: “పొడి చెత్త మాత్రమే వేయవలెను.”