పదహారో మాట

పడమర దిక్కున వెతికిన ఆరు రోజులూ టెబానో తూర్పున ఉన్నాడు.

ఆ సంగతి ఉపగ్రహం తీసిన బొమ్మ చెప్పింది. దీవికి నూట ముప్పై కిలోమీటర్ల అవతల ఒక తెల్లచుక్క. గస్తీ ఓడ చేరేసరికి పడవలో అలికిడి లేదు. కూర్చునే చెక్క మీద చాకుతో గీసిన గాట్లు నాలుగున్నాయి. అంటే నాలుగు రోజులు బతికాడు.

ఇప్పుడతను ఊరి సభామందిరం మధ్యలో, చాపలో చుట్టి ఉన్నాడు. తలవైపు తల్లి మరేటా. చుట్టూ ఊరు. సాగనంపే పాట ఎత్తుకోవలసిన వేళ.

ఎవరూ ఎత్తుకోలేదు. ఓడలో వచ్చిన అధికారిణి ఆకినెటి చేతిలో ఒక కాగితం ఉంది.

"ఈ మాటల పట్టిక ఎవరు రాశారు?" అనడిగింది.

మూడేళ్ళుగా రోజూ పొద్దున్నే రాజధాని నుంచి ఈ దీవికి సముద్రం కబురు ఇంగ్లీషులో వస్తోంది. నీళ్ళ రంగు, వేడి చూసి ట్యూనా చేప ఎక్కడ మూగిందో ఉపగ్రహం చెబుతుంది. ఇంగ్లీషు మాటలకి ఊరి మాటలు రాసిన పట్టిక దగ్గర పెట్టుకుని ఆ కబురును ఊరి భాషలో రేడియోలో చదువుతారు. గుడ్డిగా తిరిగి పెట్రోలు తగలేయడం పోయింది. ఒడ్డు దగ్గరి పగడపు దిబ్బ మీద వేట వదిలేశారు. కనుమరుగైన పెద్ద ఆల్చిప్పలు మళ్ళీ కనిపించాయి.

కబురు చివర నీటి ప్రవాహం ఎటో చెప్పే మాట ఒకటుంటుంది. దాన్నెవరూ వినేవారు కాదు. చేప ఎక్కడుందో తెలియగానే రేడియో కట్టేసేవారు. ఇంజను నడుస్తున్నంతసేపూ నీరు ఎటు పోతే ఏం?

టెబానో ఇంజను ఆగిపోయింది. ఆ మాట ఒక్కసారి రేడియోలో చెప్పాడు. తర్వాత చప్పుడు లేదు. ఆ పూట కబురులో 'తూర్పు ప్రవాహం' అని చదివారు. ఊరిపెద్ద రువాటు పడవలన్నిటినీ పడమటికి తిప్పాడు.

"గాలికి వచ్చిన దిక్కు పేరు, నీటికి పోయే దిక్కు పేరు. రాజధానిలో లెక్క అది," అంది ఆకినెటి. "మీకు రెండిటికీ వచ్చిన దిక్కే పేరు. తూర్పు ప్రవాహం అంటే మీకు తూర్పు నుంచి వచ్చేది. వాళ్ళకి తూర్పుకి పోయేది. పట్టికలో పదహారో మాట. రాసినవాడికి ఆ తేడా తెలియలేదు."

రువాటు మెల్లగా లేచాడు. డెబ్బై దాటిన మనిషి. "నేనే రాశాను."

"మీకు ఇంగ్లీషు వచ్చా తాతా?"

"రాదు. అందుకే తప్పు పడింది."

ఎవరూ నవ్వలేదు. రేడియోలో కబురు చదివే బెనియామినా చేయెత్తాడు.

"ముసలాయన మాట పట్టించుకోకమ్మా. మొన్నటిదాకా రేడియో పెట్టె వెనక ఎవరున్నారోనని తొంగిచూసిన మనిషి. రాసింది నేను."

"నువ్వా? అయితే ఈ ఇరవయ్యో మాట ఏమనుకుని రాశావో చెప్పు."

బెనియామినా కాగితం తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. "ఆ రోజు తలనొప్పిగా ఉండింది," అని తిరిగి ఇచ్చేశాడు.

"నేను రాశాను," అంది వెనక నుంచి బడిపంతులమ్మ.

"కాదు, నేను," అన్నాడు పడవలు చెక్కే వడ్రంగి.

ఆకినెటి మొహం ఎర్రబడింది.

"ఆటలాడుతున్నారా? మీ పట్టిక బాగుందని పక్కన ఆరు దీవులకి పంపాం. అందులో నలభై మాటలున్నాయి. ఎన్ని ఇలా తిరగబడి ఉన్నాయో నాకు తెలియదు. ఏ మాట ఏమనుకుని రాశాడో రాసినవాడికే తెలుసు. వాణ్ణి జైల్లో పెట్టను. నా పక్కన కూర్చుని రేడియోలో మాట మాటా దిద్దితే చాలు. రేపు పొద్దున్నే అక్కడ పడవలు దిగుతాయి."

"పడవలు దింపొద్దని చెప్పు," అన్నాడు రువాటు.

"ఎన్నాళ్ళు? వాళ్ళు తినొద్దా?" ఆమె చాప వైపు వేలు చూపింది. "ఒక మనిషి నాలుగు రోజులు దాహంతో అల్లాడి చచ్చిపోయాడు. చంపినవాణ్ణి ఊరంతా కలిసి దాస్తున్నారు. కనీసం ఆ తల్లి మొహం చూసైనా చెప్పండి."

"ఆమె మొహం చూసే కదమ్మా చెబుతున్నాం," అన్నాడు రువాటు. "నేనే అని."

బెనియామినా తల వంచుకున్నాడు. పంతులమ్మ అరచేత్తో కళ్ళొత్తుకుంది. అందరూ చాప వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్నారు.

మరేటా కొడుకు మీద వాలిన ఈగని తోలి, తలెత్తింది.

"అక్కడ ఎన్ని పడవలుంటాయి?"

"ముప్పై దాకా."

"కూర్చో రువాటూ," అంది మరేటా. "నువ్వూ కూర్చో బెనియామినా. మీరు నాకు చేసిన మేలు చాలు. ఆ ముప్పై పడవల్లోనూ ఎవరో ఒకరి కొడుకు ఉంటాడు."

"వదినా, వద్దు," అన్నాడు రువాటు.

ఆమె వినలేదు. అధికారిణి కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఆ నలభై మాటలూ మీరే ఎలాగో దిద్దుకోండమ్మా. రాసింది మా టెబానో."