తేరిన నీళ్లు

"కాసిని నీళ్లు పోస్తావా అవ్వా?"

గుడిసె ముందు బండి దిగి అడిగాడు ఆ కొత్త మనిషి. ఆత్మకూరు పక్కన చెరువు కింద ఉన్న ఆ గుడిసెల్లోకి పరాయివాళ్లు రావడమే అరుదు.

వెంగమ్మ కొన్న నీళ్ల క్యాను వంచి గ్లాసు నింపింది. పక్కన కుండలో చెరువు నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మరి ఆ కుండ ఎవరికి?"

"నాకు నాయనా. క్యాను నా మనవరాలికి. దానికి చెరువు నీళ్లు పడవు, కడుపునొప్పితో మెలికలు తిరగతాది."

క్యాను కోసం రాత్రి కూడు మానుకుంటున్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఆయన గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి, తాగకుండా గడపలో నిలబడ్డ పిల్ల చేతికిచ్చాడు.

దొడ్లో మునగచెట్టు కింద ఎండి రాలిన కాయలు ఏరాడు. గింజలు వలిచి రోట్లో మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, గుడ్డతో వడగట్టి కుండలో పోసి తిప్పాడు. పొద్దు వాలేసరికి మట్టి అడుక్కి దిగుతుందని, పైన తేరిన నీళ్లు వంచి కాచుకుంటే క్యానుతో పనే ఉండదని చెప్పాడు.

అంతలో పక్క గుడిసె మునెయ్య భుజాన వలతో చెరువు నుంచి వచ్చాడు.

"కుండలో ఏంది కలిపినావు?" అని గదమాయించి, చుట్టుపక్కల వాళ్లను కేకేశాడు. "వీడు క్యాన్లమ్మే నీళ్ల ప్లాంటోళ్ల మనిషిరా. మన కడుపులు చెడగొట్టి ఇంకా క్యాన్లు కొనిపిచ్చేదానికి వచ్చినాడు."

చొక్కా పట్టుకుని బండిదాకా తోశారు.

"ఆ కుండ పారబోయబాక అవ్వా" అన్నాడు ఆయన పోతూ పోతూ.

వెంగమ్మ కుండకు మూత పెట్టి పక్కన ఉంచింది. పారబోయలేదు.

సాయంత్రం మూత తీస్తే నీళ్లు కొబ్బరినీళ్ల మాదిరి ఉన్నాయి. కాచి, ముందు తను తాగింది. మర్నాడూ ఒంట్లో బాగానే ఉండేసరికి పిల్లకు పట్టింది.

నెల తిరిగేసరికి మునెయ్య ఇంట్లోనూ మునగ గింజలే. పిల్ల నవ్వుతూ బడికి పోతోంది. క్యాన్ల ఆటో రావడం మానేసింది.

ఒకరోజు సంతలో ఆ క్యాన్ల ఆటో నడిపిన జోయల్ కనిపిస్తే, వెంగమ్మ ఆ మనిషి గుర్తులన్నీ చెప్పింది.

"ప్లాంటోళ్ల మనిషని తరిమేసినాం నాయనా. గుక్కెడు నీళ్లన్నా తాగకుండా పోయినాడు. యాడన్నా కనిపిస్తే తోలుకురా, చేపల పులుసు చేసి పెడతా."

జోయల్ తల వంచుకున్నాడు.

"ఇంక రాడవ్వా. నువ్వు కూడు మానుకుని క్యాను కొంటా ఉండావని ఆయనకు చెప్పింది నేనే. ఊరూరా గింజలు నూరి చూపిచ్చినాడు. ఇప్పుడు ఊరే వదిలిపెట్టి పోయినాడు."

"ఎందుకురా?"

"గిరాకీ పోయింది గదా. మీరన్నది నిజమే అవ్వా, ఆ ప్లాంటు ఆయనదే."