ముడి రొట్టె

గిద్దలూరు అడవి బంగళా వంటవాడు ఇమాం సాహెబు జ్వరంతో పడుకున్నాడు. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అంట్లు తోమే పాపమ్మే మిగిలింది.

రైలు దిగి వచ్చిన దొర ముడి రొట్టె కావాలన్నాడు.

ఆ పేరే ఆమె వినలేదు.

దొర చొక్కా చేతులు మడుచుకొని వంటింట్లోకే వచ్చాడు. ఇమాం సాహెబు పొద్దున కల్లు పోసి పులియబెట్టిన గోధుమపిండి ఉంది. దాన్ని తాడులా సాగదీసి, ముడేసి, కొసలు రెండూ మీదికి అతికించాడు.

"చేతులు కట్టుకున్న పిల్లోడు. మా అమ్మ అట్ల చెప్పేది," అన్నాడు వచ్చీరాని తెలుగులో.

దాన్ని సోడా వేసి కాగబెట్టిన నీళ్లలో ముంచి తీయాలట. ఉప్పుగళ్లు చల్లి, కిందా మీదా నిప్పులు పెట్టి కాల్చాలట.

"చాకలి బానలో గుడ్డలు ఉడకేసినట్ల రొట్టెలు ఉడకేస్తారా దొరా?"

దొర నవ్వాడు. రేపు పొద్దున రైలుకు మార్కాపురం కోర్టుకు పోవాలన్నాడు.

"కోర్టులో ఏం పని దొరా?"

"గురవయ్య అని ఒక మనిషి. అడవి కాలిన కేసు. నేను చెప్పాల."

పిండి పిసుకుతున్న పాపమ్మ చెయ్యి ఆగింది.

గురవయ్య ఆమె మొగుడు. అడవికి నిప్పు పెట్టాడని పట్టుకుపోయారు. పట్టించింది అడవి దొర అని తెలుసుగాని, అతని మొహం ఆమె చూడలేదు. మొగుణ్ణి జైల్లో పెట్టినోళ్ల అంట్లు తోమేదానికి సిగ్గులేదా అని వీధిలో ఆడవాళ్లు దెప్పినా బంగళా పని మానలేదు. ఎప్పటికైనా ఆ దొర ఇక్కడే దిగాలి. అడవి బంగళాకు అడవి దొర కాక ఇంకెవరొస్తారు?

"మీరు పోయి కూర్చోండి దొరా. మిగతావి నేను చేస్తా."

ఇంటికి పోయి కొంగున నేపాళం గింజలు ముడేసుకొచ్చింది. కడుపు జాడించి మనిషిని మంచాన పడేసే గింజలు. మెత్తగా నూరి పిండిలో కలిపింది.

రొట్టెలు చింతపిక్క రంగులో కాలాయి. చేయడం అదే మొదలైనా ఒక్క ముడీ ఊడలేదు.

దొర కళ్లు చెమర్చాయి. అచ్చం అమ్మ చేసినట్టే ఉన్నాయని అన్నీ తిన్నాడు.

ఆఖరి తునక దాకా పాపమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

పొద్దున రైలు కూతకు దొర లేవబోయి, గోడ పట్టుకొని కూలబడ్డాడు. ఎట్లనైనా పోవాలని గొణిగాడు.

"పోదురులే దొరా," అంది పాపమ్మ.

రైలు వెళ్లిపోయింది.

పొద్దుగూకినాక మరిది రంగయ్య కోర్టు నుంచి వచ్చాడు. వాకిట్లోనే చతికిలబడ్డాడు.

"అన్నకు శిక్ష పడింది వదినా."

"ఎట్ల పడుతుంది? అడవి దొర రాలేదు గదా."

"ఎందుకు రాలా? పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. రానిది ఇంకో దొర. మన వకీలుకు తంతి ఇచ్చినాడంట, మధ్యాన్నం దాకా ఎదురుచూసినాం."

"ఎవురా దొర?"

"మంటలు లేచిన పొద్దు అన్న గుట్ట అవతల తనకు నీళ్లు తాపుతా ఉన్నాడని సాక్ష్యం చెప్పేదానికి, నిన్న సాయంత్రం మన గిద్దలూరులోనే రైలు దిగినాడంట వదినా."