వెంట్రుకలో నాలుగో వంతు

“ఈ తీగ ఎంచుకున్న మహానుభావుడెవరు?” అందామె, డ్రాయింగ్ మీంచి తల ఎత్తకుండానే.

“నేనేనండి,” అన్నాడు బల్లకి అటువైపు కూర్చున్నాయన. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆమె మనసులో ఆయనకి ‘కళ్లజోడు’ అనే పేరు పెట్టేసింది.

ఇలాంటి గదులంటే ఆమెకి మొహం మొత్తి చాలా రోజులైంది. అద్దాల తలుపు, చల్లారిన కాఫీ, ఎదురుగా ఏమీ తెలియని మనిషి. పొద్దున బయల్దేరేటప్పుడు అత్తగారు మరీ మరీ చెప్పింది: “ఇవాళైనా కాస్త నోరు అదుపులో పెట్టుకో అమ్మా. నీ ఎదుట కూర్చున్నవాళ్లకీ పరువుంటుంది.” సరేనంది. ఆ మాట ఈ డ్రాయింగ్ చూసేదాకానే నిలబడింది.

“ఈ చిప్పు దేంట్లో పెడతారు?”

“ఆసుపత్రుల్లో రోగికి మందెక్కించే పంపులోనండి. దాని మోటారుని నడిపేది ఇదే. వచ్చే నెల తయారీకి వెళ్తోంది.”

“మోటారుకి పోయే కరెంటంతా చిప్పు లోంచి ఈ బంగారు తీగ మీదుగానే బయటికి రావాలి. అవునా?”

“అవునండి.”

“దానికి వెంట్రుకలో నాలుగో వంతు మందం తీగా? ఏనుగుని దారప్పోగుతో కట్టేసినట్టుంది!”

“బంగారం కలిసొస్తుందని...” నసిగాడు కళ్లజోడు. “టెస్టుల్లో బాగానే నడిచిందండి.”

“ఏసీ గదిలో, బల్ల మీద, కాసేపు నడిపుంటారు. మోటారు ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా ఎగబడుతుంది. సన్నతీగకి నిరోధం ఎక్కువ. వోల్టేజీ దారిలోనే పడిపోతుంది, తీగ వేడెక్కుతుంది, ఏదో ఒకనాడు కరిగి తెగుతుంది. ఇది స్కూలు పిల్లల పాఠం.”

“పోనీ, అన్నిటికీ లావు తీగే వేసేస్తే?”

ఆమె నవ్వింది. ఆ నవ్వులో దయ మచ్చుకైనా లేదు.

“వేసెయ్యండి. ఇక్కడ తీగలు అతికించే ప్యాడ్లు దాదాపు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. లావు తీగ వేస్తే పక్కదానికి తగిలి షార్టవుతుంది. ఇక కాలిపోయేదాకా ఆగక్కర్లేదు, పుట్టగానే పోతుంది.”

“మరెలాగండి?”

“అదీ నేనే చెప్పాలా?” ఆయన చేతిలో పెన్ను లాక్కుని డ్రాయింగ్ మీద బరబరా గీసింది. “మోటారు కరెంటు పోయే చోటా, అది తిరిగొచ్చే గ్రౌండు దగ్గరా ప్యాడ్లు పెద్దవి చేసి లావు తీగ వెయ్యండి. సిగ్నళ్ల కబుర్లు మోసే తీగలు సన్నగానే ఉండనివ్వండి. అన్నిటినీ పొట్టి చెయ్యండి. తీగ పొడుగైతే స్విచ్ పడ్డప్పుడల్లా సిగ్నల్ గిలగిల్లాడుతుంది. అది లావుతో తీరే జబ్బు కాదు.”

కళ్లజోడు నుదురు తుడుచుకున్నాడు. “సన్నతీగంటే మీకింత కోపమెందుకండీ?”

ఆమె పెన్ను బల్ల మీద పడేసింది.

“ఒకచోట ఇలాంటి తీగే తెగి పంపు ఆగిపోయింది. నర్సు చూసింది కాబట్టి ఆ మనిషి బతికాడు. వద్దు వద్దని నేను గొంతు చించుకున్నాను. ఆ తీగే చాలు చాలన్న పెద్దమనిషికి ప్రమోషనొచ్చింది. ఆయనా మీలాగే మహా మర్యాదగా మాట్లాడేవాడు.”

కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

“ఇది గీసినవాళ్ల చేతికి పంపు కాదు కదా, సైకిల్ బెల్లు కూడా అప్పగించకూడదు.”

కళ్లజోడు ఆమె గీసిన గీతల్ని ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత ఆయనా లేచి నిలబడ్డాడు.

“మరి ఉద్యోగంలో ఎప్పుడు చేరతారండీ?”