పేరు రాయని గది

"పుస్తకంలో నా పేరు రాసుకోరా?" అని అడిగాడు పెద్దాయన, తాళంచెవి అందుకుంటూ.

వాచీ మేస్త్రీ నవ్వేశాడు.

"ఒక్క పూటకి పుస్తకాలెందుకండీ! కాళ్ళు కడుక్కుని హాయిగా పడుకోండి."

పెద్దాయన మెట్టెక్కలేదు.

"పోనీ, పాత పుస్తకం ఉందా? నిరుటిది. ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను."

మేస్త్రీ నవ్వు ఆపేశాడు.

చేతికి వాచీ కట్టుకునేవాళ్ళు కరువైపోయాక అతను మేడమీది గదికి సున్నం కొట్టించి, రోజు అద్దెకి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఏడాదిన్నరయింది. లైసెన్సు లేదు. పన్ను లేదు. పుస్తకం అసలే లేదు. తాళంచెవి ఇవ్వడం, మళ్ళీ తాళంచెవి తీసుకోవడం, అంతే. ఆ మంచం మీద ఎవరెవరు పడుకున్నారో మంచానికే తెలియాలి.

ఈమధ్యే మున్సిపల్ ఆఫీసువాళ్ళు రూళ్ళు బిగించారు. దిగినవాళ్ళ పేరు, ఊరు, ఇంటివాళ్ళ ఫోను రాసే పుస్తకం పెట్టాలి. మూణ్ణెల్లకోసారి పన్ను కట్టాలి. అంతకుముందే దొంగచాటుగా అద్దెకిచ్చినట్టు తేలిందా, గదికి సీలు పడుతుంది, ఇక ఈ జన్మలో లైసెన్సు రాదు.

ఆ గది పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

మంచినీళ్ళు తెస్తానని చెప్పి వంటింట్లోకి నడిచాడు. భార్య తలుపు చాటున సిద్ధంగా ఉంది.

"టాక్సు మనిషే. చెప్పులు చూశారా, ఎలా అరిగిపోయాయో!"

"టాక్సు మనిషికి అరిగిన చెప్పులేంటే?"

"ఇలాంటి ఇళ్ళు పట్టుకోడానికి తిరిగి తిరిగి అరిగాయి. నోరు జాగ్రత్త. మీకసలే నోట్లో నువ్వుగింజ నానదు."

అతను తిరిగొచ్చేసరికి పెద్దాయన రిపేరు బల్ల దగ్గర కూర్చుని, దానిమీద పడి ఉన్న మేస్త్రీ లైసెన్సు దరఖాస్తు చూస్తున్నాడు.

"ఇది రెండుసార్లు వెనక్కొచ్చినట్టుందే!"

"మూడుసార్లండీ. నాకంటే నా కాగితమే ఎక్కువ తిరిగింది."

"ఇంటిపన్ను రసీదు మీ నాన్నగారి పేరు మీదే ఉంది. పక్కింటివాళ్ళు ఒప్పుకున్నట్టు సంతకం లేదు. రాకేం చేస్తుంది? కొత్త ఫారం ఉందా? ఇలా ఇవ్వండి."

జేబులోంచి కలం తీసి, చూడకుండా చదివినట్టు నింపుకుంటూ పోయాడు. గుండ్రటి అక్షరాలు. ఏ గడిలో ఏం రాయాలో, వెనక ఏ కాగితం కుట్టాలో అన్నీ నోటికొచ్చు.

మేస్త్రీకి అనుమానం కాస్తా రూఢి అయింది. రూళ్ళన్నీ ఇలా వల్లించేవాడు ఇన్‌స్పెక్టరు కాక మరెవడవుతాడు?

"మీకేం ఇచ్చుకోమంటారు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏమీ వద్దు బాబూ. ఆ పాత పుస్తకం చూపిస్తే చాలు. పుస్తకం లేకపోతే పోనీ, నిరుడు ఎవరెవరు దిగారో గుర్తున్నంతవరకు చెప్పండి. నేనెవరికీ చెప్పను."

అదీ అసలు వల అనుకున్నాడు మేస్త్రీ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు తను.

"ఎవరండీ దిగేది? మా గడప తొక్కిన మొదటి పరాయి మనిషి మీరే."

"ఒక్కరు కూడా దిగలేదా?"

"మా అమ్మ మీద ఒట్టు."

అమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది. ఆ ఒట్టుతో ఆవిడకి కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు.

పెద్దాయన అతని మొహంలోకి కాసేపు చూశాడు. నమ్మాడు. కలానికి మూత పెట్టి, తాళంచెవి బల్లమీద ఉంచి లేచాడు.

"అదేంటండీ, పడుకోరా?"

"నాకంటే ముందు ఎవరూ దిగలేదన్నారుగా. ఇక్కడ నాకేం పనుంది బాబూ?"

గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఇకనుంచైనా, ఒక్క పూటకి దిగినా సరే, పేరు రాసుకోండి."

"వేషాలు!" అంది భార్య గేటు వేస్తూ. "పీడ విరగడైంది."

నెల తిరక్కుండానే లైసెన్సు వచ్చింది. కొత్త పుస్తకానికి ముద్ర వేయించుకోడానికి మేస్త్రీ ఆఫీసుకి వెళ్ళాడు. గుమాస్తా దరఖాస్తు తిరగేసి తల ఊపాడు.

"ఈ చేతిరాత ఎక్కడున్నా గుర్తుపడతాను. పెద్దాయన మీ ఇంటికీ వచ్చాడన్నమాట."

"మీ ఇన్‌స్పెక్టరు గారే కదండీ?"

"ఇన్‌స్పెక్టరా! మావాళ్ళు ఉత్తపుణ్యానికి ఫారాలు నింపడం మీరెప్పుడైనా చూశారా? ఆయన ఊరందరికీ నింపిపెడతాడు. లైసెన్సుంటే భయముండదు, భయం లేకపోతే పేర్లు రాస్తారు అంటాడు."

మేస్త్రీకి మనసు చివుక్కుమంది.

"ఆయన ఫోను నంబరు ఇవ్వండి. పిలిచి ఓ పూట అన్నం పెట్టుకుంటాం."

"నన్నడుగుతారేం? మీ ఇంటికొచ్చిన మనిషి నంబరు మీ దగ్గరుండాలి గానీ!"

గుమాస్తా కొత్త పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.

"అయినా ఇక ఈ ఊరు రాడులెండి. ఆఖరి ఇల్లు ఒక్కటే మిగిలిందన్నాడు, అది మీదేనన్నమాట. అక్కడా ఎవరూ దిగలేదన్నారు, ఇంక వేరే ఊళ్ళు చూసుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు."

"ఎవరో దిగి వెళ్ళిపోయిన పాత పేర్లతో ఆయనకేం పనండీ?"

గుమాస్తా ముద్ర వేయబోతూ ఆగాడు.

"నిరుడు పరీక్ష రాయడానికని ఇటువైపు బస్సెక్కిన కూతురు మళ్ళీ ఇల్లు చేరలేదు, ఆఖరిసారి ఏ గదిలో తలదాచుకుందో, ఆ పేరు ఎక్కడైనా రాసి ఉంటుందేమోనని గడపగడపా తిరుగుతున్న తండ్రి ఆయన."